అవ్వ తెచ్చిన కొసరు



సంత నుంచి ఇంటికి వచ్చిన అవ్వ సంచిలోంచి మొదట ఏం తీస్తుందో మీరెప్పుడైనా గమనించారా? డబ్బిచ్చి కొన్న వంకాయలు కాదు. అడిగి వేయించుకున్న గుప్పెడు కరివేపాకో, నాలుగు పచ్చిమిరపకాయలో, వేళ్లతో సహా ఉన్న కొత్తిమీర రెబ్బలో తీసి అరచేతిలో పెట్టుకుని చూపిస్తుంది. "ఇది కొసరు" అంటుంది. వంకాయల ధర చెప్పడం ఆ తర్వాతి సంగతి. ఎనభై దాటిన మా అవ్వ ముఖంలో ఆ క్షణాన కనిపించే వెలుగు, పండక్కి పట్టుచీర తెచ్చి చేతికిచ్చినప్పుడు కూడా నేను చూడలేదు. పట్టుచీర ఇస్తే "ఇప్పుడెందుకింత ఖర్చు" అని మూట మళ్లీ కట్టేస్తుంది.

కొసరు అంటే తూకం అయిపోయి, లెక్క తేలిపోయాక, అమ్మే మనిషి తన చేత్తో పైన వేసేది. ఇది ధరలో తగ్గింపు కాదు. తగ్గింపు బేరంలో భాగం. బేరంలో ఒకరిది పైచేయి అవుతుంది, రెండోవారు గొణుక్కుంటారు. కొసరు ఆ బేరం ముగిశాక వస్తుంది. అడగడం కొన్నవారి చనువు, వేయడం అమ్మినవారి మర్యాద. సరిహద్దు ఊళ్లలో ఉన్న మనకు ఈ మాటతో ఇంకో సుఖం కూడా ఉంది. కన్నడంలోనూ ఇది కొసరే, తమిళంలో కొసురు. హోసూరు వైపు సంతల్లో మూడు భాషల్లో బేరాలు సాగుతాయి గానీ, ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ దుబాసీ అక్కర్లేదు.

తెలుగులో ఈ మాట సంతలోనే ఆగిపోలేదు, వంటింట్లోకి కూడా వచ్చింది. కొసరి కొసరి వడ్డించడం అంటాం కదా. వద్దు వద్దని చెయ్యి అడ్డం పెడుతున్నా ఇంకో గరిటె వేయడం. సంతలో అవ్వ చెయ్యి చాచి తెచ్చుకునేదీ, ఇంట్లో చెయ్యి చాచి వడ్డించేదీ ఒకే మాట. మా ఇంటి పిల్లలు మొదటిది చూసి అవ్వను పిసినారి అంటారు. రెండోది చూసి అవ్వకు లెక్క తెలియదంటారు. ఆ రెండింటికీ మధ్య ఏం జరుగుతుందో ఈ రోజు కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

అవ్వ సంతకు వెళ్లే వేళే వేరు. ఉదయం వెళ్లదు. ఎండ వాలాక, నాలుగున్నర, ఐదు గంటలప్పుడు బయలుదేరుతుంది. ఆకుకూరలు, టమాటాలు, వంకాయలు మర్నాటికి నిగారింపు నిలిచే సరుకు కాదు. పల్లె నుంచి తట్టలో తెచ్చుకున్న మనిషి మిగిలిన దాన్ని మళ్లీ బస్సెక్కించుకుని పోతే లగేజీ ఛార్జీ దండగ, తెల్లారేసరికి సరుకూ దండగ. అందువల్ల పొద్దుగూకే వేళకు కిలోల లెక్క పోయి కుప్పల లెక్క వస్తుంది. తమిళులు 'కూరు' అంటారు, కన్నడిగులు 'గుడ్డె' అంటారు. కుప్ప పది, కుప్ప ఇరవై. పైన నిగనిగలాడేవి పేరుస్తారు, అడుగున పుచ్చులుంటాయి. అవ్వ కుప్పను కదపదు. కదిపితే అమ్మే మనిషికి కోపం వస్తుంది. పక్కనుంచి వంగి చూస్తుంది. వంకాయకు తొడిమ పచ్చగా ఉందా, బెండకాయ కొన పుటుక్కున విరుగుతుందా, గోరుచిక్కుడు వేళ్ల మధ్య వంచితే పీచు లాగుతుందా అన్నది ఆమెకు చూపుతోనే సగం తెలిసిపోతుంది. మిగిలిన సగానికి ఒక కాయ తీసి విరుస్తుంది. విరిచిన కాయను మాత్రం మళ్లీ కుప్పలో వేయదు, సంచిలోనే వేసుకుంటుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పొద్దుగూకే వేళ బేరం, అమ్మేవాళ్లకు వేరే దారి లేకపోవడం మీద నడిచే బేరం. మనకు చవక అంటే ఎవరో ఒకరికి నష్టమే కదా అని ఒకసారి అవ్వనే అడిగాను. "ఆకుకూరల మనిషి దగ్గర నేనెప్పుడు బేరమాడాను?" అంది. నిజమే. గోనెపట్టా పరుచుకుని, రెండు మూడు రకాల ఆకులు ముందు పెట్టుకుని కూర్చునే ఆ ముసలామెకు అడిగినంతా ఇస్తుంది. ఎండాకాలంలో ఆమె కోసమే చిన్న సీసాలో మజ్జిగ తీసుకెళ్తుంది. లారీ సరుకు దించుకుని ఎలక్ట్రానిక్ త్రాసు పెట్టుకున్న వ్యాపారి దగ్గరైతే రూపాయి కూడా వదలదు. ఈ తేడా ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెద్ద దుకాణాలకు మాత్రం ఆమె రాదు. ఒకసారి తీసుకువెళ్తే, అచ్చుగీతల చీటీ అంటించిన కూరగాయల పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి, "కొసరు ఎవరినడగాలి?" అంది. బిల్లు కొట్టే అమ్మాయి నవ్వింది గానీ జవాబు లేదు.

మరి మూడు కుప్పల గోరుచిక్కుళ్లు ఒక్కరోజులో ఎవరు తింటారు? ఎవరూ తినరు. అవ్వ అసలు పని అక్కడే మొదలవుతుంది. మాఘం వెళ్లి ఫాల్గుణం ఎండలు ముదిరేసరికి మా మిద్దె మీద చాపలు పరచుకుంటాయి. గోరుచిక్కుళ్లకు రెండు కొసలూ తుంచి, ఉప్పు వేసిన నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి, వార్చి ఎండబెడుతుంది. వంకాయలైతే చీలికలు. పచ్చిమిరపకాయలకు పక్కన గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండలో పరిచి, సాయంకాలం మళ్లీ అదే మజ్జిగలో వేస్తుంది. మజ్జిగంతా మిరపకాయలే తాగేసేదాకా మూడు నాలుగు రోజులు ఇదే వరుస.

ఈ పనిలో ఉన్న శాస్త్రం చాలా సాదా. తిండి పదార్థం చెడేది అందులోని తేమ వల్ల. బూజుకైనా, క్రిములకైనా బతకడానికి నీరు కావాలి. ఎండ ఆ నీటిని చాలావరకు లాగేస్తుంది. మిగిలిన కాస్త నీరూ వాటికి అందకుండా ఉప్పు పట్టి ఉంచుతుంది. మజ్జిగలోని పులుపు ఇంకో కాపలా. అవ్వకు ఈ మాటలు తెలియవు. ఆమె పరీక్ష చెవితో. గుప్పెడు తీసి ఊపితే గలగలమనాలి. మెత్తగా చప్పుడైతే "ఇంకో ఎండ కావాలి" అంటుంది. ఎండను ఇలా ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మన వంటిళ్లలోనే విన్నాను. మినప్పిండి వడియాలకు రెండు ఎండలు చాలవు, మూడో ఎండ తగలాలి.

మనం ఒరుగులనేవాటిని తమిళులు వత్తల్ అంటారు. మన వడియాలు కన్నడంలో సండిగె, ఒడిశాలో బడి. మహారాష్ట్రలో ఇలా ఎండబెట్టి దాచే సరుకంతటికీ కలిపి వాళవణ అని పేరు. బరంపురం, పర్లాకిమిడి వైపు శ్రోతలకు చెప్పక్కర్లేదు. అక్కడ వేయించిన బడులను వెల్లుల్లి, ఉల్లిపాయతో దంచి బడిచూరా చేసి పఖాళంలో నంజుకుంటారు. ఆ పఖాళం మన చద్దన్నానికి తోబుట్టువే. తమిళంలో పళైయ సోరు, కన్నడంలో తంగళన్న. యానాం, గోదావరి వైపు పెద్దవాళ్లకైతే తరవాణి కుండ గుర్తుకు వస్తుంది. ఒడిశా వాళ్లు ఏటా మార్చి 20న పఖాళ దినమని పండగలాగే జరుపుకుంటున్నారు. మనం చద్దన్నం తిన్నామని పక్కింట్లో చెప్పుకోవడానికి ఇప్పటికీ కాస్త మొహమాటపడతాం.

రాగుల సంగతీ ఇంతే. మన వైపు రాగులు, ఉత్తరాంధ్ర సరిహద్దులో చోళ్లు, తెలంగాణ సరిహద్దులో తైదలు. పేరేదైనా, సంకటి తినేవాళ్లను బీదవాళ్లుగా చూసిన కాలం అవ్వకు బాగా గుర్తుంది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల కోసం ప్రత్యేక పథకం మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవడు ఆ మధ్య రంగుల అట్టపెట్టెలో రాగి బిస్కట్లు తెచ్చాడు. అవ్వ పెట్టె మీద ధర చదివించుకుని, వేళ్ల మీద లెక్కగట్టి, "దీనికి మనకు ఎన్ని శేర్ల రాగులొస్తాయో తెలుసా?" అని రెండు రోజులు నవ్వుకుంది. బిస్కట్లు బాగున్నాయనే అంది.

పారేసేవాటితో వంట చేయడం అవ్వకు ఇష్టమైన ఆట. బీరకాయ కూర వండిన రోజు తొక్కుతో పచ్చడి తప్పదు. తొక్కును నూనెలో పచ్చి పోయేదాకా మగ్గించి, వేయించిన మినప్పప్పు, ఎండుమిరపకాయలు, కాస్త చింతపండు చేర్చి రోట్లో నూరుతుంది. కూర కంటే పచ్చడే ముందు అయిపోతుంది. అరటికాయ తొక్కు, పుచ్చకాయలో ఎర్రటి గుజ్జుకూ పచ్చటి తొక్కకూ మధ్యనుండే తెల్లటి కండ, అన్నీ ఆమె చేతిలో ఏదో ఒకటిగా మారతాయి. అన్నీ బాగుంటాయని చెప్పను. అరటితొక్కు పచ్చడి నాకు ఇప్పటికీ నచ్చదు.

ఇంత కష్టపడి ఎండబెట్టినదాన్ని అవ్వ దాచుకుంటుందా అంటే, అదీ లేదు. డబ్బాకు ఎత్తకముందే పొట్లాలు కడుతుంది. బళ్లారిలో ఉన్న చిన్నకూతురికి ఒకటి, కుప్పంలో ఉన్న తమ్ముడి ఇంటికి ఒకటి, బెంగళూరు మనవడికి ఒకటి, ఎదురింటి తమిళావిడకు ఒకటి. ఆకుకూరల ముసలామెకు చల్లమిరపకాయలు కాగితంలో చుట్టి ఇస్తుంది. పోగా మిగిలింది మా ఇంటికి. ఇక మనవళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె నిలబడే చోటు ఒకటుంది, విస్తరికి కుడిపక్కన. వడియాల గిన్నె చేతిలో పట్టుకుని, మనం ఎటో చూస్తున్నప్పుడు వేస్తుంది. షుగరు వచ్చిన మా మామయ్యకు అన్నం కొసరడం మాత్రం డాక్టరు మాట మీద మానింది. అది ఆమెకు పెద్ద శిక్షే అయింది. ఇప్పుడాయనకు మజ్జిగ కొసరుతుంది.

కూరగాయల తర్వాత అవ్వకు ప్రాణమైనవి పాతబట్టలు. సంచితో మొదలుపెడతాను. పెళ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చే పసుపుపచ్చ గుడ్డసంచులు ఆమె దగ్గర ఒక కట్ట ఉన్నాయి. ఒక్కటీ పారేయలేదు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్ల మీద నిషేధం వచ్చింది. 2021 డిసెంబరులో ప్రభుత్వమే 'మీండుం మంజప్పై', అంటే మళ్లీ పసుపు సంచి, అని ప్రచారం మొదలుపెట్టింది. ఆ వార్త విని అవ్వ, "మళ్లీ ఏమిటి, నేనెప్పుడు వదిలాను?" అంది.

"పాత చీరలకు స్టీలు సామాన్లు" అనే కేక మీ వీధుల్లోనూ వినిపించే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మన ఇళ్లలోకి వచ్చి ఇత్తడిని, కంచును అటకెక్కించాక ఈ మార్పిడి బేరం బాగా సాగింది. 1980ల మొదట్లో సేలం ఉక్కు కర్మాగారంలో స్టెయిన్‌లెస్ రేకుల తయారీ మొదలయ్యాక, మా ప్రాంతంలో 'సేలం స్టీలు' అంటే ఒక గౌరవం. ఇంతకీ ఆ పాత చీరలు ఏమవుతాయి? బాగున్నవి ఉతికి, కుట్టి, పాతబట్టల అంగళ్లలో మళ్లీ అమ్ముతారు. చిరిగిన నూలు బట్టలు వర్క్‌షాపుల్లో యంత్రాల నూనె తుడిచే గుడ్డలవుతాయి. హోసూరు లాంటి పరిశ్రమల ఊళ్లో వాటికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. జరీ చీరల దారి వేరు. అసలైన జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండితీగ చుట్టి, దానికి బంగారుపూత పూసినది. అందులోని వెండిని కరిగించి తీస్తారు. అందుకే జరీ చీర చూడగానే గిన్నెల మనిషి కళ్లు మెరుస్తాయి. అవ్వ జరీపోగును గోటితో గీకి చూస్తుంది. లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తే సాధారణంగా అది అసలు జరీ. అప్పుడు రెండు గిన్నెలతో ఆమె ఒప్పుకోదు. గిన్నెనూ వదలదు. అడుగు మీద బొటనవేలితో నొక్కుతుంది, గోటితో కొట్టి వింటుంది. పలచటి రేకైతే చప్పుడులోనే తెలిసిపోతుందట.

అయితే అన్ని చీరలూ గిన్నెలకు పోవు. మెత్తబడిన నూలు చీరలు బొంతకు దాస్తుంది. ఏడేళ్ల కిందట మా అక్క నెలలు నిండిన రోజుల్లో, పుట్టబోయే బిడ్డ కోసం అవ్వ తొమ్మిది చీరలు ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి, మడిచి పెట్టుకుంది. కుప్పంలో పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లింది. ఇక్కడ మా అత్త, అంటే అవ్వ కోడలు, పాపం ఆమె తప్పేమీ లేదు, ఆ మూట పాతబట్టలే అనుకుని, పసిబిడ్డ స్నానానికి పనికొస్తుందని ఒక పెద్ద స్టీలు బేసిను తీసుకుంది. అవ్వ తిరిగి వచ్చి బేసిను చూసింది. గోటితో కొట్టింది. "తొమ్మిది చీరలకు ఇదొక్కటేనా అమ్మా? కొసరైనా అడగలేదా?" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి మజ్జిగన్నం కలుపుకుని అలాగే వదిలేసి లేచింది.

మర్నాడు పొద్దున్నే ఇనప్పెట్టె తెరిచింది. అందులో తాత పంచెలు ఐదు ఉన్నాయి. తాత పోయిన పదకొండేళ్లలో వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అవి బయటికి తీసి, తన కట్టుబడి చీరలు రెండు చేర్చి నడవలో పరిచింది.

బొంత కుట్టడం చూసినవాళ్లు తగ్గిపోతున్నారు కాబట్టి కాస్త చెబుతాను. అడుగున ఒక చీర, పైన ఒక చీర, మధ్యలో పాత గుడ్డలు నాలుగైదు వరుసలు. మడతలు లేకుండా అరచేత్తో సాపు చేసి, కదలకుండా మూలల్లో రుబ్బుడు పొత్రమో, బరువైన చెంబులో పెడతారు. పెద్ద సూదితో, పేనిన దారంతో అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వరుసలుగా కుట్టు వేసుకుంటూ పోతారు. కుట్టు మరీ బిగిస్తే ముడతలు పడుతుంది, వదులైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ముద్దకడుతుంది. ఈ పొరల మధ్య గాలి నిలుస్తుంది, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఏళ్ల తరబడి ఉతికిన నూలు మెత్తగా ఉంటుంది, తడి పీల్చుకుంటుంది. పుట్టిన బిడ్డను పాతబట్టల పొత్తిళ్లలోనే పెట్టాలని పెద్దలు పట్టుబట్టేది ఇందుకే. పాలియెస్టరు చీర ఎంత పాతబడినా ఈ పనికి రాదు. మా హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. మార్గశిరం చలిలో బొంత విలువ మాకు తెలుసు. ఉత్తర కర్ణాటకలో దీన్ని కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి, ఒడిశాలో కంథా. షోలాపూరులో దుప్పట్లు నేసే మన తెలుగువాళ్ల ఇళ్లలోనూ పాతచీరల బొంతకు చోటుంది.

అవ్వకు కంటిచూపు తగ్గింది. దారం ఎక్కించడానికి అక్క కూర్చునేది, కుట్టడం అవ్వ. పద్దెనిమిది రోజులు పట్టింది. బిడ్డ పుట్టే వేళకు ఒక మూల ఇంకా మిగిలే ఉంది, పురుడు వచ్చాక పూర్తి చేసింది. అసలు కన్నా వడ్డీ ముద్దంటారు. మునిమనవరాలంటే వడ్డీ మీద వడ్డీ. తాత పంచెల బొంతలో పడుకున్న ఆ పాపను చూసి అవ్వ ఏమనుకుందో నాకు చెప్పలేదు.

బేసినును మాత్రం ఆమె వదల్లేదు. దాని మీద పాప పేరు తెలుగులోనే చెక్కించాలని పట్టుబట్టింది. మా ఇంట్లోని పాత చెంబుల మీద, గంగాళాల మీద పేర్లన్నీ తెలుగు అక్షరాలే. గిన్నెల అంగట్లో చెక్కే కుర్రాడికి తమిళం తప్ప రాయడం రాదు. నేను కాగితం మీద రాసి ఇస్తే బొమ్మలా చూసి చెక్కాడు. 'వ'కు తలకట్టు ఎగిరిపోయింది.

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం, ఆ విద్యాసంవత్సరం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, తమిళం తప్పనిసరిగా చదవవలసిన భాష అయింది. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. మా పాప బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతోంది, తెలుగు లేదు. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడుతుంది. చదవడానికి ఉన్నవి గిన్నెలే. కిందటేడు వేసవి సెలవుల్లో అవ్వ ఒక్కొక్క చెంబూ తోమి ఎండలో బోర్లిస్తుంటే, పాప వాటి మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం అడిగింది. ముత్తాత పేరు చదివింది, ఎప్పుడో పోయిన పెద్దత్త పేరు చదివింది. చివరికి తన బేసిను దగ్గరకు వచ్చి, "అవ్వా, దీనికి తలకట్టు లేదు" అంది. అవ్వ కత్తిపీట పక్కనున్న చాకు తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, ఆ 'వ' మీద చిన్నగా గీసింది. మంచి బేసిను పాడుచేశారని మా అత్త ఇంకా అంటూనే ఉంటుంది. ఈ ఫాల్గుణంలో మిరపకాయలు మజ్జిగలో నానబెట్టింది అందులోనే.